పెరటిలో సిల్కీ కోళ్ళు

రైతు సోదరులారా, సోదరీమణులారా!

కోళ్ళ సంగతి చెప్పేటప్పుడు నిజానికి సోదరీమణులనే ముందు పిలవవలసింది. పెరటి కోడికి గింజ వేసేది, పొద్దుగూకే వేళకు గంప మూసేది, గుడ్డు అమ్మిన డబ్బు కొంగున ముడి వేసుకునేది ఇంటి ఆడవారే. మగవారికి పుంజు సంగతి తప్ప పెట్ట సంగతి పట్టదు.

పోయిన యేడు మృగశిర కార్తె ప్రవేశించిన కొత్తలో, హయత్‌నగర్ నుంచి కుంట్లూరు వైపు వెళుతుండగా ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. వాకిట్లో బోర్లించిన గంప కొంచెం ఎత్తి, "సారూ, మా పోరడు పట్నం పోయి రెండు కోళ్ళు తెచ్చిండు. గివి కోళ్ళేనా, పిల్లులా? నువ్వన్న చెప్పు" అన్నది. గంప కింద రెండు తెల్లని దూది వుండలు కదులుతున్నాయి. ఈకలు తొలగించి చూస్తే చర్మం కారునలుపు. ముఖం కూడ నలుపే. కాళ్ళకు బొచ్చు, ఒక్కొక్క కాలికి ఐదేసి వేళ్ళు. కొడుకు చార్మినారు దగ్గరి ముర్గీ చౌకులో ముచ్చటపడి జతగా కొన్నాడట. ఇచ్చిన ధర చెప్పి, "ఆ పైసలకు ఆరు నాటుకోళ్ళొస్తుండె" అని ఆమె నెత్తి కొట్టుకున్నది.

అవి సిల్కీ కోళ్ళు. ఆమె నన్ను మూడు ప్రశ్నలడిగింది: గుడ్లు పెడతాయా, కూరకు పనికొస్తాయా, రోగమొస్తే తట్టుకుంటాయా? ఆ మూడింటికీ ఆనాడు నేను చెప్పిన జవాబు సగమే. ఈ యేడాదిలో ఆ కోళ్ళను చూసి, మన మండల పశువైద్యాధికారిని అడిగి తెలుసుకున్న మిగతా సగం కూడ కలిపి ఇప్పుడు మీకు చెబుతాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, పశువైద్యం కాదు. కాబట్టి మందుల విషయంలో నా మాటకంటె ఆయన మాటనే మీరు పట్టుకోవలె.

ముందు ఈ కోడి పుట్టుక. దీని పుట్టిల్లు చైనా దేశం. 13వ శతాబ్దంలో ఆ దేశం తిరిగిన మార్కోపోలో, అక్కడ పిల్లి బొచ్చు వంటి బొచ్చుగల నల్లకోళ్ళున్నాయని చెప్పి వ్రాయించాడు. మన మోటుపల్లి రేవును గురించి, ఆ రాజ్యమేలిన రాణిని గురించి చెప్పిన మార్కోపోలో ఈయనే. పిల్లి బొచ్చు కోడి మాట విని ఆయన దేశస్థులెందరు నమ్మారో గాని, కుంట్లూరి పెద్దమ్మ కన్నుకూ పిల్లే కనిపించింది చూడండి!

బొచ్చు అలా వుండటానికి కారణమున్నది. మామూలు ఈక తీసి చూడండి. నడిమి కాడకు రెండు ప్రక్కల సన్నని పీచులుంటాయి. ఆ పీచులకు కంటికి కనపడని చిన్న చిన్న కొక్కేలుండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే ఈక అంతా ఒకే రేకుగా నిలుస్తుంది. వానపడితే నీరు జారిపోతుంది, రెక్క కొడితే గాలి ఆగుతుంది. సిల్కీ ఈకకు ఆ కొక్కేలు లేవు. పీచులు దేనికది విడిపోయి దూదిలాగా వుంటాయి. చూడటానికి సొగసే. కాని ఆ కోడి ఎగరలేదు, వానకు తడిస్తే నీరు చర్మం దాకా దిగుతుంది. ఈ రెండు సంగతులు గుర్తుంచుకుంటే సిల్కీని సాకటంలో సగం తెలిసినట్లే.

చర్మం నలుపు వేరే సంగతి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, ధార్ జిల్లాల గిరిజనులు పెంచుకునే కడక్‌నాథ్ కోడికి కూడ ఇదే నలుపు. రెండింటి నలుపుకూ మూలం ఒకటేనని, ఒక జన్యుభాగం రెట్టింపు కావటం వల్ల రంగునిచ్చే కణాలు చర్మాన్ని దాటి కండకు, ఎముక మీది పొరకు కూడ ప్రాకుతాయని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. ఝాబువా కడక్‌నాథ్‌కు 2018లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. అప్పటినుంచి నల్లకోడి అనేసరికి బజారులో గిరాకీ పెరిగింది. నల్లకోడి తింటే చక్కెర జబ్బు పోతుందని చెప్పి అమ్మేవారు కూడ వున్నారు. చైనాలో బాలింతలకు నల్లకోడి చారు పెట్టే ఆచారమున్నది. ఆచారం ఆచారమే, మందు మందే. జబ్బుకు డాక్టరు దగ్గరికి పోండి.

ఇక పెద్దమ్మ ప్రశ్నలు.

గుడ్ల లెక్కన చూస్తే సిల్కీ గొప్ప కోడి కాదు. మంచి మేపు వుంటే యేడాదికి 100, మహా అయితే 120 గుడ్లు పెడుతుంది, అవీ చిన్నవి. మన నాటుకోడి 50, 60 పెడుతుంది కాబట్టి దానికంటె మేలే అనిపించవచ్చు. కాని పది పన్నెండు గుడ్లు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, ఇంక గుడ్డు ఆగిపోతుంది. గుడ్డే కావలసిన వారికి రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలకాలయం వారు తయారుచేసిన గ్రామప్రియ వున్నది. పెరటిలోనే 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. గుడ్డూ, కూరా రెండూ కావాలంటే వాళ్ళదే వనరాజా వున్నది, 100కు పైగా గుడ్లు, మంచి బరువు. సిల్కీ పెట్ట కిలో, కిలోంపావు తూగుతుంది. కూర కోసం దీన్ని పెంచటం డబ్బు దండుగ.

మరి దీని వల్ల లాభమేమిటి? పొదగటం. లోకంలో సిల్కీకి పేరు వచ్చింది అందుకే. గుడ్డు ఎవరిదైనా సరే, బాతుదైనా సరే, క్రింద పెడితే కూర్చుంటుంది. సీమలో వేట పక్షులను పెంచేవారు వాటి గుడ్లను పొదిగించడానికి సిల్కీలను, సిల్కీ సంకరాలను వాడుతూ వచ్చారు. వనరాజా, గ్రామప్రియ పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. ఎక్కువ గుడ్ల కోసం వాటిలోనుంచి ఆ గుణాన్ని తీసివేశారు. కడక్‌నాథ్ పెట్ట కూడ పొదుగులో నమ్మకమైనది కాదు. కాబట్టి ఈ కొత్త జాతులను పెంచే ఇంట్లో పిల్లలను సాకే తల్లి కరువవుతుంది. అక్కడ ఒక సిల్కీ పెట్ట ఉపయోగం. అంతేగాని పెరడంతా సిల్కీలతో నింపమని నేను చెప్పను. పది కోళ్ళ మందలో ఒకటో రెండో చాలు.

మన హయత్‌నగర్ ప్రాంతానికి ఇది నప్పటానికి ఇంకొక కారణం కూడ వున్నది. 2007లో హయత్‌నగర్ మహానగరంలో కలిసింది. మునగనూరు, తట్టిఅన్నారం, పసుమాముల వైపు జొన్నచేలు, కంది చేలు వున్న చోట ప్లాట్లు లేచాయి. దొడ్లు చిన్నవైనాయి. నాటుకోడి ప్రహరీ గోడ ఎక్కి ప్రక్కింటి తులసికోట కెలికితే తగాదా. సిల్కీ గోడ ఎక్కలేదు. మూడడుగుల తడిక కడితే లోపలే తిరుగుతుంది. కాని పుంజు మాత్రం మామూలు పుంజు లాగానే తెల్లవారుఝామున కూస్తుంది, ఆ సంగతి ప్రక్కింటివారికి ముందే చెప్పి వుంచండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. సిల్కీలలో ఆడా మగా తేడా నాలుగైదు నెలలు వచ్చే దాకా తెలియదు. జత అని చెప్పి యిచ్చిన పిల్లలు రెండూ పుంజులైన ఇల్లు ఒకటి నాకు తెలుసు. పొదుగు కోసమే కొంటున్నట్లయితే గుడ్డుకు వచ్చిన పెట్టనే కొనండి, ధర ఎక్కువైనా సరే. రెండవది, "సిల్కీ గుడ్లు" అని విడిగా అమ్మేవి కొనవద్దు. మందలో నాటుపుంజు కలిసి వుంటే పిల్లలకు ఐదో వేలు రావచ్చు, నలుపు రావచ్చు గాని, ఆ దూది బొచ్చు రాదు. తల్లీ తండ్రీ రెండు వైపులనుంచీ వస్తేనే ఆ బొచ్చు వస్తుంది. అయితే అట్లాంటి సంకర పెట్టను పారవేయనక్కరలేదు. మామూలు ఈక కాబట్టి వానకు ఓర్చుకుంటుంది, తల్లి పొదుగు గుణం చాలావరకు దిగుతుంది. నన్నడిగితే మన ఎర్రనేలల పల్లెకు అసలు సిల్కీకంటె సిల్కీ, నాటు కలిసిన పెట్టే మేలు.

కొన్న కోడిని తెచ్చిన నాడే మందలో వదలవద్దు. మూడు వారాలు వేరే చోట, వేరే నీళ్ళ చిప్పతో వుంచండి. బజారు కోడి ఎన్ని గంపల ప్రక్కన కూర్చుని వచ్చిందో మనకు తెలియదు.

పొదిగించటం ఎట్లాగో కొంచెం వివరంగా చెప్పవలె.

పెట్ట గూటిలోనుంచి లేవక, చెయ్యి పెడితే ఈకలు విచ్చి గుర్రుమంటే పొదుగు పట్టినట్లు. ఆ రోజే గుడ్లు పెట్టవద్దు. రెండు రోజులు గుండ్రని రాళ్ళో, పనికిరాని గుడ్డో పెట్టి చూడండి. రాత్రి కూడ కదలకుండ కూర్చుంటే నమ్మవచ్చు. వెడల్పాటి తట్టలో క్రింద తడి ఆరిన ఇసుకమన్ను పోసి, నడుమ కొంచెం గుంట చేసి, పైన ఎండుగడ్డి, గుప్పెడు ఎండు వేపాకు పరవండి. గుడ్లు దొర్లిపోకుండ ఆ గుంట ఆపుతుంది. తట్టను చీకటిగా, గాలి ఆడేటట్లుగా, చీమలు ఎక్కకుండ పెట్టవలె. కూర్చోబెట్టే ముందు పెట్ట రెక్కల క్రింద, తోక దగ్గర బొచ్చు విడదీసి పేలు చూడండి. సిల్కీ బొచ్చులో పేను దాగితే కనపడదు. పేలున్న పెట్ట సగంలో గూడు వదిలేస్తుంది.

గుడ్లు వారం రోజుల లోపువి కావలె. ఫ్రిజ్‌లో పెట్టినవి, కడిగినవి, బీటలున్నవి పనికిరావు. నాటు పెట్ట 10, 12 గుడ్లు కప్పుతుంది. సిల్కీ చిన్నది. దాని గుడ్లయితే 8, మామూలు కోడి గుడ్లయితే 6 పెట్టండి. ఆశకు పోయి పది పెడితే అంచున వున్న గుడ్డు రోజుకొకటి చల్లబడి, అన్నీ చెడుతాయి. సాయంత్రం చీకటి పడ్డాక పెట్టండి. గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వ్రాయండి, లేకపోతే వేరే పెట్టలు వచ్చి తాజా గుడ్డు పెట్టిపోతే ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు.

రోజుకొకసారి పెట్టను లేపి బయటికి పంపాలి. సిల్కీతో చిక్కు యిదే. నాటు పెట్ట ఆకలైతే తానే లేస్తుంది. సిల్కీ లేవకుండ కూర్చుని చిక్కి శల్యమవుతుంది. ప్రొద్దున పావుగంట, ఇరవై నిమిషాలు జొన్నలు, మొక్కజొన్న నూక, నీళ్ళు చూపించండి. ప్రక్కన బూడిద కలిపిన పొడిమన్ను వుంటే అందులో పొర్లి పేలు దులుపుకుంటుంది. 7వ రోజు రాత్రి గుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూడండి. సాలెపురుగు కాళ్ళలాగా ఎర్రని నరాలు కనిపిస్తే పిండం వున్నట్లు. తేటగా వుంటే తీసివేయండి. 18వ రోజు తరువాత గుడ్లను ముట్టవద్దు, గూడు కదపవద్దు. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి. సిల్కీ సొంత గుడ్లు ఒక రోజు ముందే పగలవచ్చు.

పొదుగుకు మన దగ్గర మంచి కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గుడ్డు పెట్ట క్రిందికి చేరకముందే చెడుతుంది. కుంట్లూరి పెద్దమ్మ పోయిన యేడు ఆషాఢంలోనే తొందరపడి 9 గుడ్లు పెట్టింది. గంప పెట్టింది రేకు చూరు క్రింద. ఒక రాత్రి ఈదురుగాలితో వాన కొట్టింది. పొద్దున చూస్తే పెట్ట తడిసిన గుడ్డపీలిక లాగా గుడ్ల మీదే కూర్చున్నదట, వణుకుతూ. గుడ్లన్నీ పోయాయి. పెట్టను పొయ్యి దగ్గర ఆరబెట్టి, నాలుగు రోజులు తవుడు, బెల్లం నీళ్ళు పట్టి బ్రతికించింది. చూరు క్రింద పెట్టమని నేనే చెప్పాను. నాటుకోడికి సరిపోయే చోటు దీనికి సరిపోదని అప్పుడు నాకు తట్టలేదు.

కాబట్టి వాసం సంగతి. రాత్రి గూటిలో ఒక్కొక్క కోడికి రెండు చదరపు అడుగుల చోటు వుండాలి. నేల చుట్టుప్రక్కల కంటె జానెడు ఎత్తు. క్రింద వరి ఊక రెండు మూడు అంగుళాల మందం. తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసివేసి పొలానికి పంపండి, మంచి ఎరువు. మూడు వైపుల గోడ, నాలుగో వైపు జాలీ, ఆ జాలీకి వానాకాలం దించుకునే సంచి పరదా. సిల్కీ ఎత్తు దండె ఎక్కలేదు. జానెడు ఎత్తులో ఒక పలక వేస్తే చాలు. దండె లేకపోతే నేల మీద ఒక మూల ఒకదాన్నొకటి నొక్కుకుని పడుకుంటాయి. అప్పుడు రాత్రిపూట లెక్క చూసుకోండి, క్రింద పడిన పిల్ల నలిగిపోవచ్చు.

కండ్ల మీదికి జుట్టు పడే సంగతి చాలామంది గమనించరు. తల మీది కుచ్చు కళ్ళు మూసివేస్తే దీనికి పైన గద్ద కనపడదు, ప్రక్కన పిల్లి కనపడదు. కత్తెరతో కళ్ళ ముందు మాత్రం కత్తిరించండి. మన వైపు హరిణ వనస్థలి చుట్టూ ముంగిసలు తిరుగుతుంటాయి. వీధికుక్కల సంగతి చెప్పనక్కరలేదు. ఎగరలేని కోడి కాబట్టి పగలు కూడ మనిషి కంటి ముందే వదలాలి. నాటుకోళ్ళు తల మీద పొడిస్తే దీనికి ప్రమాదమెక్కువ. సిల్కీల తలలో కొన్నింటికి నడినెత్తి ఎముక పూర్తిగా మూసుకోదు. పోట్లాడే అసీల్ జాతి కోళ్ళతో కలిపి వుంచవద్దు.

కాళ్ళ బొచ్చులో తడి బురద గట్టిపడుతుంది, పొలుసుల క్రింద పురుగు చేరుతుంది. పొలుసులు లేచి కాలు గరుకెక్కితే గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టి వేపనూనె, కొబ్బరినూనె కలిపి వారం రోజులు రాయండి.

మేత గురించి చెప్పేది కొద్దిగానే. నూకలు, తవుడు, జొన్న, ఇంట్లో మిగిలిన కూరగాయ తొక్కు, మునగాకు, నత్తగుల్ల పొడి, యివి చాలు. పిల్లలకు మొదటి ఆరు వారాలు మాంసకృత్తులెక్కువ కావాలి. కొన్న పిల్లల దాణా వేయలేనివారు మన పెద్దల పద్ధతే చేయవచ్చు. పాత కుండలో పేడ, గడ్డి తడిపి చెదల పుట్ట దగ్గర రాత్రి బోర్లిస్తే తెల్లవారేసరికి చెదలు పడతాయి. పిల్లలు వాటిని ఎగబడి తింటాయి. పిల్లల నీళ్ళ చిప్పలో గులకరాళ్ళు వేయండి, మునిగిపోకుండ.

ఇప్పుడు రోగాలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పవలసి వున్నది.

మూడేళ్ళ క్రితం, ఒక చిన్న ఊళ్ళో, పేరు చెప్పను, కొక్కెర తెగులు టీకా వేయించుదామని ఇళ్ళ జాబితా వ్రాశాను. టీకా మందు సీసా ఒక్కసారి విప్పి కలిపితే అదే పూట వాడేయాలి. సీసాకు వంద కోళ్ళు, రెండువందల కోళ్ళు కావాలి. నా జాబితాలో అరవై కూడ కాలేదు. సంక్రాంతి దగ్గరపడింది. పండుగ వెళ్ళాక మిగతా ఇళ్ళు కూడ కలుపుకుందామని వాయిదా వేశాను. పండుగకు చుట్టాలు వచ్చారు, పుంజులు వచ్చాయి, ఎక్కడెక్కడివో కోళ్ళు ఊళ్ళోకి దిగాయి. పండుగైన పదో రోజుకు ఒక ఇంట్లో కోడి మెడ మెలి తిప్పుకున్నది. రెండు వారాలు తిరగకముందే ఊరంతా పచ్చపారుడు, నోరు తెరిచి గురకలు, చావు. ఒక సోదరికి 23 కోళ్ళుండేవి, రెండు మిగిలాయి. కూతురి ఇంటర్మీడియెట్ ఫీజుకు ఆ కోళ్ళు లెక్కపెట్టుకుని వుంచిందట. "మీరు జాబితా వ్రాసుకపోతిరి గద సారూ" అన్నది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది.

కొక్కెర తెగులును ఇంగ్లీషులో రాణీఖేత్ జబ్బంటారు. కుమావూ కొండలలోని రాణీఖేత్ ఊళ్ళో 1928లో మన దేశంలో దీన్ని గుర్తించారు, ఆ ఊరి పేరే పెట్టారు. వచ్చాక దీనికి మందు లేదు. రాకముందు టీకాయే. 5 నుంచి 7 రోజుల పిల్లకు లసోటా చుక్క కంట్లో ఒకటి. మళ్ళీ 4వ వారంలో ఒకసారి. 8 వారాలు నిండిన కోడికి ఆర్ టూ బి సూదిమందు. మశూచి టీకా 6, 7 వారాల వయస్సులో రెక్క పొరలో పొడుస్తారు. తరువాత మళ్ళీ ఎప్పుడు వేయించాలన్నది మీ పశువైద్యాధికారి చెబుతారు. టీకాకు వారం ముందు నట్టల మందు త్రాగించండి. జబ్బుగా వున్న కోడికి టీకా వేయించవద్దు.

విస్తరణ పనివారికి ఒక మాట. అరవై కోళ్ళే దొరికినా సీసా విప్పండి. మిగిలిన మందు పారబోసిన నష్టం ఎంత? ఊరు ఊడ్చుకుపోయిన నష్టంలో నూరో వంతు వుండదు. మందును మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులోనే తేవాలి. మోటారుసైకిలు డిక్కీలో ఎండకు పెట్టి తెచ్చిన మందు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. పగలు వెళితే కోళ్ళు చేతికి రావు. చీకటిపడి గంపలు మూసిన తరువాత వెళ్ళండి, ఇంటికి పది నిమిషాలలో పని అయిపోతుంది.

సిల్కీకి ప్రత్యేకంగా వచ్చే ఆపద మారెక్స్ జబ్బు. ఈ జాతి దానికి త్వరగా లొంగుతుంది. రెండు మూడు నెలల పిల్ల హఠాత్తుగా కుంటి, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడిపోతుంది. దీనికీ మందు లేదు. టీకా వున్నది గాని, పిల్ల పుట్టిన మొదటి రోజే హేచరీలో వేయాలి. ఇంట్లో ఆరు పిల్లలు దిగితే వెయ్యి మోతాదుల సీసా ఎవరు తెస్తారు? అది కుదరదు.

కనుక పశువైద్యాధికారి నాకు చెప్పిన ఉపాయం మీకు చెబుతున్నాను. సిల్కీ పెట్టను 15, 18 రోజులు ఉత్త గుడ్ల మీదనో, రాళ్ళ మీదనో కూర్చోబెట్టండి. ఆ తరువాత హేచరీలో మారెక్స్ టీకా వేసిన ఒక రోజు వయస్సు గ్రామప్రియ పిల్లలను ఎనిమిది తెచ్చి, రాత్రి చీకట్లో చప్పుడు చేయకుండ ఒక్కొక్కటిగా ఆమె రెక్కల క్రిందికి తోసి, గుడ్లు తీసివేయండి. తెల్లవారేసరికి అవి తన పిల్లలే అనుకుంటుంది. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, వారం వారం మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. బల్బు పెట్టి అది చేస్తే కరెంటు పోయిన రాత్రి పిల్లలన్నీ మూలకు చేరి చస్తాయి. పెట్ట అయితే కరెంటు అడగదు. మొదటి పొద్దున మాత్రం దగ్గర కూర్చుని చూడండి. పిల్లను పొడిచే పెట్ట నూటికొకటి వుండకపోదు. పిల్లలు కూడ రెండు రోజుల లోపువే కావాలి. వారం పిల్లలు కొత్త తల్లి పిలుపు వినవు.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2025లో ఆంధ్రలో, తెలంగాణలో అది కనిపించింది. మన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో కూడ కోళ్ళఫారంలో తేలి కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. ఒక్కసారిగా, కారణం తెలియకుండ కోళ్ళు వరుసగా చస్తుంటే చేతితో ముట్టవద్దు, కోయవద్దు, నాలాలో పారవేయవద్దు, తక్కువ ధరకు అమ్మవద్దు. వెంటనే పశువైద్యశాలకు కబురు పెట్టండి. కొక్కెర తెగులా, యిదా అన్నది మన కళ్ళతో తేల్చగలిగేది కాదు. పరీక్ష చేయాలి.

పొదుగు అవసరం లేని కాలంలో సిల్కీ మళ్ళీ మళ్ళీ కూర్చుని గుడ్డు ఆపివేస్తుంటే, కొందరు నీళ్ళలో ముంచుతారు. ముక్కులో ఈక గుచ్చేవారు కూడ వున్నారు. ఈ కోడిని నీళ్ళలో ముంచటం చంపటంతో సమానం. క్రింద జాలీ వున్న పెట్టెలో, వెలుతురులో, గడ్డి లేకుండ మూడు నాలుగు రోజులు వుంచండి. మేత, నీళ్ళు మామూలే. పొట్టకు గాలి తగిలి వేడి తగ్గి పొదుగు విడుస్తుంది.

కుంట్లూరి పెద్దమ్మ మార్గశిరంలో మళ్ళీ కూర్చోబెట్టింది. ఈసారి వంటింటి ప్రక్క గదిలో. నేను ఆరు గుడ్లన్నాను, ఆమె "ఏడు బెడత, దేవునికొకటి" అన్నది. ఐదు పిగిలాయి. నాటు గుడ్లే. ఆరో రోజు సాయంత్రం ఆ వీధిలో పదకొండు ఇళ్ళ కోళ్ళతో కలిపి వాటికి కంటి చుక్క వేయించాము. మొత్తం 74 కోళ్ళు. మిగిలిన మందు పారబోశాము. ఒక పిల్లను గద్ద తన్నుకుపోయింది, నాలుగు గుడ్డుకు వచ్చే దశలో వున్నాయి. సిల్కీ పుంజును ఎవరో అడిగితే ఆమె యివ్వలేదు. "పిల్లి అనుకున్న గద, వుండనీ" అన్నది. వచ్చే వానాకాలానికి ముందు ఆ వీధికి ఆర్ టూ బి సూదిమందు వేయించవలసి వున్నది. జాబితా వ్రాశాను, తేదీ కూడ వేశాను.